లెక్కలు వస్తున్నా టైమ్ చాలడం లేదు. గణితం, రీజనింగ్‌కి ఎలా ప్రిపేర్ అవ్వాలి?

ఆమదాలవలసలో ఉండి రైల్వే గ్రూప్-డికి చదువుతున్నానని రాశారు. ఆ పరీక్షలో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. గణితం 25, రీజనింగ్ 30. సగానికి పైగా మార్కులు ఈ రెండింటివే కాబట్టి మీ టెన్షన్ అర్థమవుతోంది.

షార్ట్‌కట్ల వెంట ముందే పడకండి. నాగావళి మీద 360 మీటర్ల వంతెన ఉందనుకుందాం. 240 మీటర్ల రైలు గంటకు 54 కి.మీ. వేగంతో దాన్ని ఎంతసేపట్లో దాటుతుంది? తొందరలో చాలామంది 360నే దూరంగా తీసుకుంటారు. కానీ చివరి పెట్టె కూడా వంతెన దాటాలి కదా! అంటే దూరం 600 మీటర్లు. 54ని 5/18తో గుణిస్తే సెకనుకు 15 మీటర్లు. జవాబు 40 సెకన్లు. రైలు కదలడం ఇలా మనసులో చూడగలిగితే ఫార్ములా గుర్తురాకపోయినా లెక్క ఆగదు.

30 వరకు వర్గాలు, 15 వరకు ఘనాలు, ఇంగ్లీషు అక్షరాల స్థానాలు మాత్రం నోటికి రావాల్సిందే. రక్తసంబంధాలు, దిక్కుల ప్రశ్నలు బొమ్మ గీసి చేయండి, మనసులో వద్దు.

నా అనుభవంలో బాగా పనిచేసింది తప్పుల నోటుబుక్. తప్పు పోయిన ప్రతి లెక్కా, ఎందుకు పోయిందో ఒక్క వాక్యంతో సహా రాయండి. వారానికోసారి వాటినే మళ్లీ చేయండి.

మూడు తప్పులకు ఒక మార్కు పోతుంది. నిమిషంలో దారి దొరకని ప్రశ్నను వదిలి ముందుకెళ్లడం కూడా మాక్ టెస్టుల్లోనే అలవాటు చేసుకోండి.