సుధకు, అత్తయ్య రాసేది

సుధా,

అక్క పోయాక తన కొడుకుని హైదరాబాద్‌లో మీ ఇంట్లోనే ఉంచుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. మా పిల్ల ఎంత పెద్దదైపోయిందో అనిపించింది, ఆ వెంటనే గుండె దడ కూడా పట్టుకుంది. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతానని ఇలా రాస్తున్నా.

టీసీ, ఆధార్, టీకాల కార్డు మర్చిపోకు. స్కూల్లో టీచర్‌కి ముందే విషయం చెప్పు. పక్క తడిపితే తిట్టకు, ఎవరికీ చెప్పకు. అక్క దుప్పటి ఉతక్కుండానే తెచ్చుకో, వాడు దాంతోనే పడుకుంటున్నాడు.

అసలు సంగతి వేరే ఉంది. బావ మళ్ళీ కువైట్ వెళ్తున్నాడు కదా, అమ్మ కూడా అక్కడికే వెళ్ళిందని చెప్పి, పెద్దయ్యాక నిజం చెబుదామని మీ నాన్న అంటున్నాడట. ఎవరన్నా అనొచ్చు గానీ ఆయన అనకూడదు. మా అమ్మ పోయినప్పుడు మీ నాన్నకీ ఆరేళ్ళే. తిరుపతి ఆస్పత్రిలో ఉంది, నయమయ్యాక వస్తుందని పెద్దవాళ్ళు చెప్పారు. ఇంకేముంది, తిరుపతి నుంచి రాజంపేటకి ఏ బస్సొచ్చినా రోడ్డు మీదికి పరిగెత్తేవాడు, అమ్మ వెళ్ళేటప్పుడు ఆకుపచ్చ చీర కట్టుకుందని దిగేవాళ్ళ చీరలే చూసేవాడు. చివరికి బళ్ళో ఎవడో "మీ అమ్మ చచ్చిపోయిందంట కదరా" అన్నాడు. ఆ రోజు ఏడవలేదు. కానీ ఆ తర్వాత మా నాయన సంతకి వెళ్తానన్నా నమ్మకుండా చొక్కా పట్టుకుని వేలాడేవాడు. మీరు ఊరెళ్తే బస్సెక్కారా, దిగారా అని ఆయన చేసే ఫోన్లకి నువ్వూ అక్కా విసుక్కునేవాళ్ళు చూడు, అదంతా ఇదే.

అమ్మ చనిపోయింది, ఇక రాదు అని వాడికి నువ్వే చెప్పు, పక్కన కూర్చోబెట్టుకుని. నిద్రపోయింది, దేవుడి దగ్గరికెళ్ళింది అనొద్దు. ఆ వయసుకి ఒక్కసారి చెప్తే అర్థం కాదు, రేపు మళ్ళీ అడుగుతాడు, ఎల్లుండి అన్నం తింటూ అడుగుతాడు, అదే జవాబు చెప్పు. ఏడుపొస్తే బాత్రూంలోకి పోయి తలుపేసుకోకు, నీకూ అక్కే కదమ్మా పోయింది. నాన్న మాత్రం తిరిగొస్తాడని కూడా చెప్పాలి. కువైట్‌లో శుక్రవారం సెలవు, ఆ రోజు వీడియో కాల్ తప్పకూడదని బావకి గట్టిగా చెప్పు. అక్కడ రెండున్నర గంటలు వెనక, వీడు పడుకోకముందే చెయ్యమను.

నిన్ను అమ్మా అని పిలవమని ఎవరూ నేర్పకుండా చూడు. పిన్ని అంటాడు, చాలు. మీ అత్తగారు ఏమైనా అంటే నాకు ఫోన్ చెయ్యమను, ఆ టెన్షన్ నీకొద్దు. మీ నాన్నతోనూ నేనే మాట్లాడతా, ఆదివారం వెళ్తున్నా.

అత్తయ్య