సి డ్రైవ్ ఎంత ఖాళీ చేసినా మళ్లీ ఎర్రబడుతోందా? పెరుగుతున్నది ఏదో ముందు పట్టుకోండి

మీరు అడిగింది ఇదీ: 256 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్ 11 ల్యాప్‌టాప్. సి డ్రైవ్‌లో 5 జీబీ కూడా మిగల్లేదు. టెంప్ ఫైళ్లు తీసేశారు, రీసైకిల్ బిన్ ఖాళీ చేశారు, అయినా వారం తిరక్కముందే మళ్లీ ఎర్ర గీత. విండోస్ తన సిస్టమ్ ఫైళ్లను పెట్టుకునే విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ తీసేయవచ్చా, పక్కనున్న డి డ్రైవ్‌ని సి డ్రైవ్‌లో కలిపేయవచ్చా అన్నది మీ ప్రశ్న.

మొదటిదానికి జవాబు: ఆ ఫోల్డర్‌ని చేత్తో ముట్టుకోవద్దండి. రెండోది చేయవచ్చు కానీ అన్నీ అయ్యాక, చిట్టచివర. చాలామందికి అంతదాకా పోవాల్సిన అవసరమే రాదు.

మా ఇంట్లో, ఆఫీసులో ఎవరి కంప్యూటర్ నిండిపోయినా నా దగ్గరికే వస్తుంది. వాటిని చూసీ చూసీ నాకు అర్థమైంది ఏమిటంటే, చోటు తినేసేది వేలకొద్దీ చిన్న ఫైళ్లు కాదు. నాలుగైదు పెద్దవి ఉంటాయి, అవి కూడా మనం ఎప్పుడూ తెరవని ఫోల్డర్లలో కూర్చుని ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా టెంప్, ప్రీఫెచ్, బ్రౌజర్ క్యాష్ లాంటి తాత్కాలిక ఫైళ్ల చుట్టూనే తిరుగుతాయి. వాటితో వచ్చేది తక్కువ, వచ్చినా రెండు రోజుల్లో మళ్లీ నిండుతుంది. మీకు జరుగుతున్నది అదే.

ముందుగా డ్రైవ్‌కి కాస్త ఊపిరి ఆడనివ్వండి. మరీ అంచుదాకా నిండితే అప్‌డేట్లు ఆగిపోతాయి, ప్రోగ్రాములు ఉన్నట్టుండి మూసుకుపోతాయి, శుభ్రం చేసే పనులు కూడా సరిగా నడవవు. కాబట్టి రెండు మూడు పెద్ద వీడియోలు ఏవైనా ఉంటే డి డ్రైవ్‌కో ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కో పంపించి 10 జీబీ దాకా ఖాళీ తెచ్చుకోండి. ఆ తర్వాత టెన్షన్ లేకుండా నిదానంగా వెతకవచ్చు. ఇంకో మాట, 256 జీబీ అని కొన్నది కంప్యూటర్‌లో 238 జీబీగా కనిపిస్తే కంగారు పడకండి. తయారీదారులు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. చోటు ఎక్కడికీ పోలేదు.

ఇక కొలత. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే యాప్‌లు, టెంపరరీ ఫైళ్లు, ఇతరాలు అని విడివిడిగా చూపిస్తుంది. మొదటి చూపుకి అది సరిపోతుంది కానీ 'ఇతరాలు' అని పెద్ద అంకె కనిపిస్తే దాని లోపల ఏముందో అర్థం కాదు. అందుకే ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో చూపించే ప్రోగ్రాములు, విజ్‌ట్రీ గానీ విన్‌డర్‌స్టాట్ గానీ, నేను వాడతాను. విన్‌డర్‌స్టాట్ ఓపెన్ సోర్స్. విజ్‌ట్రీ అయితే ఒక్కో ఫోల్డర్‌లోకి వెళ్లి లెక్కపెట్టుకుంటూ రాదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే పద్ధతి) డ్రైవ్‌లో ఫైళ్ల చిట్టా ఉండే మాస్టర్ ఫైల్ టేబుల్‌ని నేరుగా చదువుతుంది. అందుకే కొన్ని సెకన్లలో పని అయిపోతుంది. ఏది వాడినా రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టి తెరవండి, దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి.

ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే మొత్తం తక్కువ వస్తోంది, డ్రైవ్ మాత్రం నిండుగా ఉంది అని చాలామంది తికమక పడతారు. కారణం యాప్‌డేటా, అంటే ప్రోగ్రాములు తమ సరుకు దాచుకునే ఫోల్డర్. మీ యూజర్ ఫోల్డర్ లోపల ఉంటుంది, మామూలుగా కనిపించదు. అసలు దొంగలు ఎక్కువగా దొరికేది అక్కడే.

ఇప్పుడు ఈ సమాధానంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. స్కాన్ ఒకసారి చేసి వదిలేయకండి. ఇవాళ చేసి, పెద్ద ఫోల్డర్ల జాబితా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మళ్లీ ఎర్రబడుతున్నప్పుడు ఇంకోసారి చేసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పెద్దగా ఉన్నది వేరు, పెరుగుతున్నది వేరు. పెద్దగా ఉన్నదాన్ని తీసేస్తే ఆ పూటకి చోటు వస్తుంది. పెరుగుతున్నదాన్ని ఆపితేనే సమస్య తీరుతుంది. మీ విషయంలో వారంలో నిండుతోంది అంటే ఏదో ఒకటి రోజూ రాస్తూనే ఉంది.

నేను చూసినవి కొన్ని చెప్తాను, మీకు పోలిక దొరకవచ్చు. ఒక సహోద్యోగి కంప్యూటర్‌లో, ఎప్పుడో వాడి వదిలేసిన పరికరం తాలూకు సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండిపోయింది. ఆ పరికరం కనబడక ప్రతి కొన్ని సెకన్లకీ ఒక ఎర్రర్‌ని లాగ్ ఫైల్‌లో రాస్తూ పోయింది. ఆ ఒక్క టెక్స్ట్ ఫైలే జీబీల్లోకి పెరిగింది. పాపం ఆయన దాన్ని తీసేసినప్పుడల్లా మళ్లీ పుట్టేది. ఆ సాఫ్ట్‌వేర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేశాకే గొడవ వదిలింది. మా అక్క ల్యాప్‌టాప్‌లో ఫోన్ బ్యాకప్‌లు దొరికాయి. ఫోన్ మార్చినప్పుడల్లా పాతదాని బ్యాకప్ అలాగే యాప్‌డేటాలో ఉండిపోయింది, చేతిలో లేని ఫోన్లవి కూడా. ఇలాంటివి ఫోల్డర్‌లోకి వెళ్లి తీసేయడం కంటే ఆ బ్యాకప్ ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లోంచి తీసేయడం మంచిది. ముందు ఆ ఫోటోలు వేరేచోట భద్రంగా ఉన్నాయని రూఢి చేసుకోవాలి సుమా.

వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లయితే క్యాష్ ఫోల్డర్ చూడండి. ప్రాజెక్ట్ అయిపోయినా ప్రివ్యూ ఫైళ్లు మిగిలిపోతాయి. ఎడిటర్ ప్రిఫరెన్సెస్‌లో క్యాష్ చోటుని డి డ్రైవ్‌కి మార్చుకోవచ్చు, పాతవాటిని తీసేయవచ్చు. కంప్యూటర్‌లో చాట్ యాప్ వాడుతుంటే గ్రూపుల్లో వచ్చిన వీడియోలు దాని ఫోల్డర్‌లో చేరి ఉండవచ్చు. ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపేయండి.

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్లకి ఇంకో రకం. విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) ద్వారా లినక్స్ గానీ, డాకర్ (ప్రోగ్రాముల్ని విడి పెట్టెల్లో నడిపే సాధనం) గానీ పెట్టుకుంటే లోపలి సరుకంతా ఒకే పెద్ద వర్చువల్ డిస్క్ ఫైల్‌లో ఉంటుంది, పేరు చివర విహెచ్‌డిఎక్స్ అని వస్తుంది. లోపల ఫైళ్లు చేరేకొద్దీ అది ఉబ్బుతుంది. లోపల తీసేస్తే మాత్రం మామూలుగా దానంతట అది తగ్గదు. నా సొంత కంప్యూటర్‌లో సి డ్రైవ్‌ని నింపింది ఇదే. లోపల అక్కర్లేని డాకర్ ఇమేజ్‌లు (బొమ్మలు కాదు, ప్రోగ్రాముల ప్యాకేజీలు) తీసేసి, డబ్ల్యూఎస్ఎల్‌ని పూర్తిగా ఆపి, డిస్క్‌పార్ట్ అనే విండోస్ కమాండ్‌లో ఆ ఫైల్‌ని ఎంచుకుని కాంపాక్ట్ చేస్తే గానీ చోటు తిరిగి రాలేదు.

వన్‌డ్రైవ్ వాడుతుంటే ఒక్క జాగ్రత్త. ఆ ఫోల్డర్‌లో ఫైల్‌ని డిలీట్ చేస్తే క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. కంప్యూటర్‌లో చోటు మాత్రమే కావాలంటే రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ ఎంచుకోవాలి. అప్పుడు ఫైల్ క్లౌడ్‌లో ఉంటుంది, ఇక్కడ పేరు మిగులుతుంది, తెరిచినప్పుడు దిగుతుంది.

ఇవన్నీ మన సరుకు. ఇక విండోస్ సొంత సరుకు విషయానికి వస్తే నేను పాటించే నియమం ఒక్కటే: విండోస్ పెట్టుకున్నదాన్ని విండోస్ పనిముట్లతోనే తీయించాలి.

స్టోరేజ్ పేజీలో టెంపరరీ ఫైల్స్ తెరవండి, లేదా డిస్క్ క్లీనప్‌లో క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కండి. అప్‌డేట్ మిగుళ్లు, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైళ్లు (వేరే కంప్యూటర్లతో పంచుకోవడానికి ఉంచిన అప్‌డేట్ ఫైళ్లు) నిశ్చింతగా తీసేయవచ్చు. ఈమధ్యే పెద్ద అప్‌గ్రేడ్ అయ్యుంటే పాత విండోస్ అంతా విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. వెనక్కి వెళ్లాలనుకుంటారేమోనని మామూలుగా 10 రోజులు ఉంచి తర్వాత అదే తీసేస్తుంది. ప్రింటర్, వైఫై, మీ ముఖ్యమైన ప్రోగ్రాములు కొత్తదాంట్లో బాగా నడుస్తున్నాయని చూసుకున్నాక మీరే ముందుగా తీసేయవచ్చు. ఆ టెంపరరీ ఫైల్స్ జాబితాలోనే డౌన్‌లోడ్స్ అని కూడా ఒక గడి ఉంటుంది, దయచేసి జాగ్రత్త! అది మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తం. పేరు చూడకుండా అన్నిటికీ టిక్కు పెట్టి సర్టిఫికెట్లు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

హైబర్‌ఫిల్ డాట్ సిస్ అనే ఫైల్ కనిపిస్తుంది. హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా దాచుకునే చోటు అది, సాధారణంగా ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది. 16 జీబీ ర్యామ్ ఉంటే సుమారు 6.4 జీబీ. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్ అని కొడితే ఆ ఫైల్ పోతుంది. దాంతోపాటు హైబర్నేట్, ఫాస్ట్ స్టార్టప్ రెండూ పోతాయి. డెస్క్‌టాప్‌లో నేను తీసేస్తాను. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఉంచుతాను, బ్యాటరీ అడుగంటినప్పుడు చేస్తున్న పని పోకుండా కాపాడేది అదే. ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్‌ఫైల్ జోలికి వెళ్లకండి, విండోస్ ఇష్టానికి వదిలేయండి.

మీరడిగిన విన్‌ఎస్ఎక్స్ఎస్ గురించి. అది చూపించే సైజు నిజం సైజు కాదు. అందులోని చాలా ఫైళ్లు హార్డ్ లింకులు, అంటే డిస్క్ మీద ఉన్న ఒకే ఫైల్‌కి అక్కడొక పేరు, సిస్టమ్32 లాంటి చోట ఇంకో పేరు. ఒకే ఇంటికి రెండు వాకిళ్లుంటే రెండిళ్లని లెక్కేసినట్టు, ఎక్స్‌ప్లోరర్ రెండుసార్లు లెక్కేస్తుంది. చేత్తో తీసేస్తే కంప్యూటర్ బూట్ కాకపోవచ్చు. డిస్మ్ అనే విండోస్ మరమ్మతు కమాండ్‌లో అనలైజ్ కాంపోనెంట్ స్టోర్ అనే ఆప్షన్ ఉంది, అది అసలు సైజు ఎంతో, శుభ్రం చేయాల్సిన అవసరం ఉందో లేదో చెప్తుంది. ఉందంటే స్టార్ట్ కాంపోనెంట్ క్లీనప్ నడపండి. దానికి రీసెట్‌బేస్ తగిలించమని కొందరు చెప్తారు. అలా చేస్తే ఇప్పటిదాకా ఉన్న అప్‌డేట్లను ఇక వెనక్కి తీయలేరు. నేనైతే వాడను. అలాగే విండోస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలర్ అనే దాచిన ఫోల్డర్ ఎంత పెద్దగా కనిపించినా వదిలేయండి, ప్రోగ్రాములను రిపేర్ చేయడానికి, తీసేయడానికి అందులోని ఫైళ్లు కావాలి.

ఏదైనా చెడితే వెనక్కి వెళ్లడానికి విండోస్ దాచుకునే సిస్టమ్ రిస్టోర్ పాయింట్లు కూడా చోటు తింటాయి. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో కాన్ఫిగర్ నొక్కి హద్దు తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు. ఇక రిజిస్ట్రీ క్లీనర్ల గురించి ఒక్క మాట. వాటితో చోటు రాదు, రిజిస్ట్రీ (విండోస్, ప్రోగ్రాముల సెట్టింగ్స్ ఉండే చిట్టా) అంత పెద్దది కాదు. అలాంటివి వాడటాన్ని మైక్రోసాఫ్టే సమర్థించదు.

ఇంత చేసినా చాలకపోతే డి డ్రైవ్‌ని వాడుకోండి, కలపకుండానే. డి లో ముందుగా వీడియోస్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అని వేరువేరు ఫోల్డర్లు పెట్టుకోండి. సి లోని అసలు ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, అక్కడ కొత్త ఫోల్డర్‌ని చూపించండి. డి డ్రైవ్‌ని మొత్తంగా చూపించవద్దు, తర్వాత వెనక్కి మార్చడం పెద్ద తలనొప్పి. ప్రోగ్రాముల్ని కట్ పేస్ట్ చేస్తే నడవవు, తీసేసి డి లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. గేమ్‌లకైతే చాలా లాంచర్లలో మూవ్ ఆప్షన్ ఉంటుంది.

కలపడమే తప్పదనుకుంటే ఇది తెలుసుకోండి. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ (డ్రైవ్‌ని పెంచే ఆప్షన్) వెలగాలంటే సి కి ఆనుకుని కుడివైపు ఏ డ్రైవ్‌కీ చెందని ఖాళీ స్థలం ఉండాలి. అందుకోసం డి ని డిలీట్ చేయాలి, అంటే అందులో ఉన్నదంతా పోతుంది. పైగా రెండిటి మధ్య రికవరీ పార్టిషన్ (విండోస్ మరమ్మతు కోసం విడిగా ఉంచిన భాగం) ఉంటే అప్పటికీ ఆ ఆప్షన్ వెలగదు. డి వేరే డిస్క్ మీద ఉంటే ఈ దారి మీకు పనికిరాదు. డిస్క్‌కి బిట్‌లాకర్ (డేటాకి తాళం వేసే ఏర్పాటు) ఉంటే దాన్ని తెరిచే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. ఎస్ఎస్‌డీలో రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాక పోయిన ఫైల్ దాదాపుగా తిరిగి రాదు. పాత హార్డ్ డిస్కుల్లో రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎంతోకొంత దొరికేది. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంటుంది, తీసేసిన చోటుని డ్రైవ్ తానే తుడిచేస్తుంది. అందుకని పిల్లల ఫోటోలు, చదువు కాగితాలు లాంటివి తీసే ముందు ఇంకో డ్రైవ్‌లో కాపీ ఉందని, అది తెరుచుకుంటోందని కళ్లతో చూసుకోండి. చోటు ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుంది.

ఎంత ఖాళీ ఉంచాలంటే, నేను 15 శాతం చూసుకుంటాను. ఎస్ఎస్‌డీ కొత్తగా రాయాలంటే తుడిచిన బ్లాకులు సిద్ధంగా ఉండాలి, మరీ నిండితే రాత నెమ్మదిస్తుంది. డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కల్ని ఒకచోట చేర్చడం) చేస్తే చోటు వస్తుందేమోనని చూడకండి, రాదు.

స్కాన్ చేశాక పైన కనిపించే ఐదారు ఫోల్డర్ల పేర్లు, సైజులు ఇక్కడే కింద రాయండి. యూజర్ పేరు కనిపిస్తే చెరిపేసి పెట్టండి. డి డ్రైవ్ అదే ఎస్ఎస్‌డీలో ఉందో వేరే డిస్కో కూడా చెప్పండి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే తెలుస్తుంది. ఏది తీయవచ్చో, ఏది ఉంచాలో చూసి చెప్తాను.