టెక్ సందేహాలు: పాట మోగిందని తెలుసు, డబ్బు లెక్క తెలిసేదెలా?

ప్రశ్న: తప్పెటగుళ్ళ ఒరవడిలో నేనే పాట రాసి, బాణీ కట్టి, బరంపురం స్టూడియోలో రికార్డు చేయించాను. డిస్ట్రిబ్యూటర్ ద్వారా యాప్‌లన్నింటిలో పెట్టాను. ఎఫ్‌ఎంలోనూ విన్నామని చుట్టాలు చెప్పారు. చేతికొచ్చింది నూట చిల్లర రూపాయలు. ఒక్కో ప్లేకి ఇంతని రేటుంటుందా?
– పర్లాకిమిడి పాఠకుడు

జవాబు: యాప్‌లలో అలాంటి రేటు లేదండీ. నెల రాబడిలో పాటలకని తీసిపెట్టిన సొమ్మును మొత్తం ప్లేల మీద పంచుతారు. చందాదారు విన్నదానికి ఎక్కువ, ఉచితంగా విన్నదానికి తక్కువ. హక్కుదారు ఒప్పుకోకున్నా నిర్ణీత రాయల్టీ కట్టి పాట వేసుకునేందుకు రేడియోకి ఉన్న చట్టబద్ధ లైసెన్సు ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కు వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో తేల్చింది. అందుకే అక్కడ అంతా ఒప్పందాల మీదే నడుస్తోంది.

రేడియో దారి వేరు. స్టేషన్లు హక్కుదారులకు ప్రకటనల నికర రాబడిలో 2 శాతం కట్టాలని 2010లో కాపీరైట్ బోర్డు అంది. 2020 డిసెంబరు 31న మేధో సంపత్తి అప్పీలు బోర్డు దాన్ని మార్చి, పాట నిజంగా మోగిన సమయాన్ని గంటల్లో కొలిచి కట్టమంది. స్టేషను ఏం వేసిందో రికార్డు రాసిపెట్టాలి, హక్కుదారు అడిగితే చూపించాలి. మీ చుట్టాలు విన్న స్టేషను, తేదీ, వేళ ఇవాళే రాసిపెట్టుకోండి.

అసలు గండి మరోచోట ఉందనిపిస్తోంది. డిస్ట్రిబ్యూటర్ పంపేది సాధారణంగా రికార్డింగ్ వాటాయే. రాసి, బాణీ కట్టినందుకు వచ్చే వాటా ఐపీఆర్‌ఎస్ అనే సంఘం వసూలు చేసి పంచుతుంది. సభ్యులై పాట నమోదు చేసుకోకపోతే ఆ వాటా మీదాకా రాదు. రేపెప్పుడైనా కంపెనీకి పాట రాసిచ్చినా, 2012 సవరణ ప్రకారం రాయల్టీలో సగం మీదే. వదులుకుంటున్నానని సంతకం పెట్టినా అది చెల్లదు.

ఇక పేరు. ఒడిశాలో మనవాళ్ళకు ఇది పెద్ద చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. పాట ఎక్కించేటప్పుడు అలవాటుగా ముందు రాస్తాం. పాసుబుక్కులో పొడి అక్షరాలే ఉంటాయి. కంప్యూటరుకు వీళ్ళు ముగ్గురు మనుషులు! చిరునామా ఒడిశా కదా అని పాట భాషను ఒడియాగా నొక్కినవాళ్ళనూ చూశాను. కష్టపడి రాసిన పాట ఇలా అనాథ కావడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అన్నిచోట్లా పేరు ఒకేలా సరిచేయించండి. తర్వాత డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే నెలవారీ ఫైలు ఎక్సెల్‌లో తెరిచి, ఒక్కో రికార్డింగుకు గుర్తుగా ఇచ్చే 12 అక్షరాలు, అంకెల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ మీ పాట ఉన్న ప్రతి వరుసలోనూ ఒకటేనా చూడండి. పాటను తీసి మళ్ళీ ఎక్కించినప్పుడు కొత్త కోడ్ పడితే ప్లేల లెక్క రెండుగా చీలుతుంది.

ప్రశ్న: మా చెల్లి పెళ్ళి వీడియోకి యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఛానెల్ పోతుందా?
– గుణుపురం పాఠకురాలు

జవాబు: పోదమ్మా. క్లెయిమ్ అంటే వీడియోలోని పాట మాదని హక్కుదారు చెప్పడం. ఛానెల్‌కే ముప్పు తెచ్చే హెచ్చరిక స్ట్రైక్, అది వేరు. సినిమా పాటకైతే సాధారణంగా ప్రకటనల డబ్బు హక్కుదారుకు పోతుంది. వద్దనుకుంటే యూట్యూబ్ స్టూడియోలో ఆ ముక్క వరకు పాట తీసేయవచ్చు. మీ ఊరి మేళగాళ్ళు వాయించిన సంప్రదాయ బాణీ మీద క్లెయిమ్ పడితే మాత్రం ఊరుకోకండి, అది తప్పని యూట్యూబ్‌లోనే డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో అవతలివాళ్ళు స్పందించకపోతే క్లెయిమ్ దానంతటదే తొలగిపోతుంది.