నొప్పులు వచ్చి ఆగిపోతున్నాయి.. ఇవి పురిటి నొప్పులేనా?

ప్రశ్న: నాకిది తొలి కాన్పు. 38 వారాలు నిండాయి. మూడు రోజులుగా రాత్రిపూట పొట్ట బిగుసుకుపోయి నొప్పి వస్తోంది, కాసేపటికి తగ్గిపోతోంది. రెండుసార్లు ఆస్పత్రికి పరుగెత్తాం. ఇంకా టైముందని పంపించేశారు. మళ్లీ వెళ్లాలంటే మొహమాటంగా ఉంది. వెళ్లకపోతే ఆలస్యమవుతుందేమోనని భయం. అసలు నొప్పులను ఎలా గుర్తుపట్టాలి? కాన్పు ఆలస్యమైతే ఆపరేషన్ తప్పదా?

జవాబు: ముందు ఆ మొహమాటం వదిలేయండి. మూడోసారి కాదు, ఆరోసారి వెళ్లినా తప్పు లేదు. పరీక్షించి ఇంటికి పంపడం మాకు రోజూ ఉండే పనే. అనుమానం వచ్చినా ఇంట్లోనే ఉండిపోయేవారి గురించే మా బెంగంతా.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇవి దొంగ నొప్పుల్లాగే ఉన్నాయి. అటూ ఇటూ నడిచినా, పక్కకు తిరిగి పడుకున్నా, నీళ్లు తాగినా ఇవి సద్దుమణుగుతాయి. అసలు నొప్పులు మీరేం చేసినా ఆగవు. చాలామందికి నడుములో మొదలై పొట్ట ముందువైపుకు పాకుతాయి. పోనుపోను దగ్గరపడతాయి, బలపడతాయి. ఎంత నొప్పి ఉందన్నదాని కన్నా ఎంత క్రమంగా వస్తోందన్నదే ముఖ్యం.

నొప్పి వచ్చినప్పుడు పొట్ట మీద అరచెయ్యి ఆనించి వేలితో నొక్కండి. ముక్కు కొనను నొక్కినట్టు లొంగితే గర్భాశయం ఇంకా తేలిగ్గానే బిగుసుకుంటోంది. గడ్డంలా ఉంటే ఓ మోస్తరు. నుదురులా అసలు లొంగకపోతే బలమైన నొప్పే. తర్వాత గడియారం చూడండి. ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి తర్వాతిది మొదలయ్యే వరకు లెక్కించాలి. చాలామంది నొప్పి ఆగినప్పటి నుంచి లెక్కపెడతారు, అది తప్పు. అయిదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు ఇలాగే వస్తుంటే బయలుదేరండి. ఆస్పత్రి దూరమైతే ఇంకా ముందే వెళ్లాలి.

కొన్ని సందర్భాల్లో ఈ లెక్కలేవీ చూడకూడదు. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వెళ్లాలి. శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని రంగు చూడండి. ఆకుపచ్చగానో, గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపల మలవిసర్జన చేసిందని అర్థం, ఒక్క నిమిషం ఆగొద్దు. నెత్తుటి చారలతో జిగురు పడటం మామూలే. నెలసరిలా ఎర్రగా రక్తస్రావమైతే మాత్రం ప్రమాద సూచన. బిడ్డ కదలికలు తగ్గినా, పొట్ట వదులు కాకుండా గట్టిగానే ఉండి నొప్పి తెరిపి ఇవ్వకపోయినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా తెల్లారే దాకా వేచి చూడకండి.

ఇక ఎంతసేపన్న సంగతి. గర్భాశయ ముఖద్వారం మొదట మెత్తబడి, పల్చబడి, 5 సెంటీమీటర్ల దాకా నిదానంగా తెరుచుకుంటుంది. దీనికి గంటలు పట్టొచ్చు, కొందరికి రోజు దాటొచ్చు. అక్కడి నుంచి 10 సెంటీమీటర్లకు చేరడానికి తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలు మించదు. గంటకో సెంటీమీటరు తెరుచుకోవాల్సిందేనని ఒకప్పుడు గట్టిగా పట్టుబట్టేవారు. అందరికీ అలా జరగదని, ఆ ఒక్క కారణంతో తొందరపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది. పూర్తిగా తెరుచుకున్నాక ముక్కి బిడ్డను బయటికి తేవడానికి తొలి కాన్పులో మూడు గంటల వరకూ పట్టొచ్చు.

కాబట్టి తల్లీబిడ్డా బాగున్నంత వరకు ఆలస్యమొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. బిడ్డ గుండె వేగం ప్రమాదకరంగా మారినా, బలమైన నొప్పులు వస్తున్నా కాన్పు ముందుకు సాగకపోయినా సిజేరియన్ ప్రాణం కాపాడుతుంది. అప్పుడు వెనకాడొద్దు. నొప్పి భరించలేకపోతే ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు మందు) అడగండి, అది ఓటమి కాదు. మీకు ధైర్యం చెప్పే మనిషిని కాన్పు గదిలో తోడు ఉంచుకోవచ్చేమో ఇప్పుడే కనుక్కోండి.

బిడ్డ పుట్టాక మాయ కూడా బయటికి రావాలి. సాధారణంగా అరగంటలోపే వస్తుంది. అధిక రక్తస్రావం కాకుండా ఆ సమయంలో ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు, కంగారు పడకండి. బిడ్డ ఆరోగ్యంగా ఉంటే బొడ్డుతాడు కోయడానికి నిమిషమైనా ఆగమని, బిడ్డను వెంటనే మీ ఛాతీ మీద పడుకోబెట్టమని మీ డాక్టరుకు ముందే చెప్పి ఉంచండి. నొప్పుల మధ్యలో ఇవన్నీ అడగాలని మీకు గుర్తుండదు.