బేబ్ రూత్ సంతకానికి నాలుగున్నర వేల డాలర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా అబ్బాయికి బేస్‌బాల్ పిచ్చి. తెలిసినాయన ఒకరు పాతతరం బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ సంతకం ఉన్న పాత బంతిని 4,500 డాలర్లకు ఇస్తానంటున్నారు. దాని మీదే ఇంకోవైపు జో క్రోనిన్ సంతకం కూడా ఉంది. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్ (బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితా) ఆటగాళ్లేనట. సర్టిఫికెట్ కూడా ఇస్తారట. బాబు కాలేజీ కోసం దాచిన 529 ఖాతాలోంచి తీసి కొందామనుకుంటున్నాను. అడ్వాన్సుగా 300 డాలర్లు, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే జెల్‌లో పంపాను. ఫొటోలు జత చేశాను. కొనమంటారా?

జవాబు: వద్దండీ.

మీరు పంపిన మూడో ఫొటోని పెద్దది చేసి చూడండి. క్రోనిన్ పేరు వెంటనే ‘ప్రెసిడెంట్’ అనే మాటకు పొట్టి రూపం కనిపిస్తుంది. అది ఆయన పెన్ను పట్టుకుని చేసిన సంతకం కాదు, ఫ్యాక్టరీలో పడిన అచ్చు. అప్పట్లో అమెరికన్ లీగ్ (అక్కడి రెండు పెద్ద బేస్‌బాల్ లీగుల్లో ఒకటి) బంతుల మీద లీగ్ అధ్యక్షుడి సంతకం ముద్రించేవారు, మన నోట్ల మీద రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంతకం ఉన్నట్టే. క్రోనిన్ గొప్ప ఆటగాడే, కాదనను. కానీ లీగ్ అధ్యక్షుడైంది 1959లో. రూత్ 1948 ఆగస్టులోనే పోయాడు. రఘురామ్ రాజన్ గవర్నర్‌గా ఉన్నప్పుడు అచ్చయిన నోటు మీద గాంధీగారు స్వయంగా సంతకం పెట్టారంటే నమ్ముతామా? ఇదీ అంతే.

అందుకే సంతకం జోలికి పోకముందు బంతిని చూడాలి. రూత్ చివరి రోజుల్లో అధ్యక్షుడు విలియం హారిడ్జ్. 1931 నుంచి క్రోనిన్ వచ్చేదాకా బంతుల మీద ఆయన పేరే. అయితే హారిడ్జ్ ముద్ర ఉన్నంత మాత్రాన సంతకం అసలుదైపోదు. పాత ఖాళీ బంతి సంపాదించి నిన్న మధ్యాహ్నం సంతకం గీకినవాళ్లూ ఉంటారు. ముద్ర అబద్ధాన్ని పట్టిస్తుందే తప్ప నిజాన్ని రుజువు చేయదు. సిరా సంగతీ అంతే. బాల్‌పాయింట్ పెన్నులు అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945 అక్టోబరులో. 1941లో చనిపోయిన మరో దిగ్గజం లూ గెరిగ్ సంతకం బాల్‌పాయింట్‌తో ఉందంటే ఇక మాట్లాడేదేముంది! షార్పీ మార్కర్లయితే 1964లో గానీ రాలేదు.

భూతద్దం ఉంటే గీత మొదలూ చివరా చూడండి. రోజుకు వంద సంతకాలు చేసేవాడి చెయ్యి ఆగదు, తోక సన్నగా తేలిపోతుంది. చూసి గీసేవాడు నెమ్మదిగా గీస్తాడు. మధ్యలో వణుకు ఉంటుంది, ఆగినచోట సిరా చుక్కలా నిలుస్తుంది. (నేనూ ఒకప్పుడు హైదరాబాద్‌లో జట్టు మొత్తం సంతకాలున్న క్రికెట్ బ్యాటు కొన్నాను. పదకొండు మందిదీ ఒకే చేతిరాత. ఇంటికొచ్చాక తెలిసింది.)

సర్టిఫికెట్ అంటారా, అమ్మేవాడే అచ్చేసుకున్న కాగితానికి విలువ సున్నా. 1990ల చివర్లో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో దొంగ సంతకాల ముఠాలను పట్టుకున్నప్పుడు, మదర్ థెరిసా ‘సంతకం’ ఉన్న బేస్‌బాల్ కూడా దొరికింది. బయటివాళ్ల పరీక్షే కావాలి. సంతకాలు పరీక్షించే పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ లాంటి సంస్థల నంబరుంటే వాళ్ల సైట్‌లో కొట్టి, అక్కడ ఫొటో ఉంటే మీ చేతిలో ఉన్న బంతితో పోల్చండి. స్టిక్కర్లకూ నకిలీలున్నాయి. అయినా వాళ్లిచ్చేది నిపుణుల అభిప్రాయమే, కళ్లారా చూసిన సాక్ష్యం కాదు.

సాక్ష్యం కావాలంటే మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ సొంత హోలోగ్రామ్ స్టిక్కర్ ఉంది. పాడ్రెస్ జట్టు ఆటగాడు టోనీ గ్విన్, తన జట్టు దుకాణంలోనే తన పేరుతో దొంగ సంతకాలు అమ్ముతున్నారని గుర్తుపట్టాక, 2001లో ఆ పద్ధతి మొదలైంది. ఆ సంస్థ మనిషి దగ్గరుండి చూసినవాటికే ఆ హోలోగ్రామ్ అంటిస్తారు. రూత్ కాలం వస్తువులకు అది కుదరదు, ఇప్పటి ఆటగాళ్లకు కుదురుతుంది. అబ్బాయి ముచ్చట తీర్చాలంటే తనకిష్టమైన ఆటగాడి బంతిని, హోలోగ్రామ్ ఉన్నదాన్ని, ఈ నెల జీతంలోంచి కొనివ్వండి. అది కానుక, పెట్టుబడి కాదు.

ఒకవేళ బంతి అసలుదే అయినా నా జవాబు మారేది కాదు. 529 నుంచి చదువుకు కాని ఖర్చుకు తీస్తే, అందులో లాభం వాటా మీద ఆదాయపు పన్నూ, పైన 10 శాతం జరిమానా. పదేళ్లకు అమ్మితే వేలం కమిషన్ పోతుంది. ఇలాంటి సేకరణ వస్తువుల మీద దీర్ఘకాలిక లాభానికి ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు, షేర్లకు గరిష్ఠం 20 శాతమే. ఆ పదేళ్లూ డివిడెండు లేదు, వడ్డీ లేదు, పైగా ఇన్సూరెన్స్ ఖర్చు మీదే.

ఇక ఆ 300 డాలర్లు. జెల్‌లో వెళ్లిన డబ్బును మామూలుగా వెనక్కి లాగలేం, ఆయనే తిప్పి పంపాలి. ఆయన్నీ ఎవరో మోసం చేసి ఉండొచ్చు, గొడవకు దిగకండి. మూడో ఫొటో, 1948, 1959 అనే రెండు సంవత్సరాలు ఒక మెసేజ్‌లో పెట్టి, అడ్వాన్సు తిరిగివ్వమని అడగండి. ఫోన్లో కాదు, రాతపూర్వకంగా. ఈ వారంలోనే.