నాన్నగారి దుకాణానికి ఏ బేసిక్?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారికి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒకాయన విజువల్ బేసిక్ 6లో బిల్లుల ప్రోగ్రాం రాసి ఇచ్చారు. పోయిన నెల బిల్లు నంబరు 32,767 దాటగానే ‘ఓవర్‌ఫ్లో’ అని చూపించి ఆగిపోయింది. ఆయన ఊరు మారిపోయారు, ఆయన రాసిన అసలు ప్రోగ్రాం పాఠం, అంటే సోర్స్ కోడ్, మా దగ్గర లేదు. బడిలో నేర్చుకున్న బేసిక్ ప్రోగ్రామింగ్ భాష నాకు కొంత గుర్తుంది. కొత్త ప్రోగ్రాం నేనే రాయాలని ఉంది. ఏ బేసిక్ ఎంచుకోవాలి? అది ఉద్యోగానికి పనికొస్తుందా? పైథాన్ నేర్చుకోమని స్నేహితులు అంటున్నారు.

జవాబు: ముందు మీ ప్రోగ్రాం ఎందుకు ఆగిందో చెబుతాను. విజువల్ బేసిక్ 6లో ఇంటిజర్ అంటే 16 బిట్ల సంఖ్య, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. బిల్లు నంబరును ఆయన ఇంటిజర్‌గా పెట్టి ఉంటారు. దాన్నే పెద్ద సంఖ్యలు పట్టే ‘లాంగ్’ రకంగా పెట్టి ఉంటే రెండు వందల కోట్ల బిల్లులు దాటినా ఆగేది కాదు. ఒక్క మాట మారిస్తే పోయే తప్పు, కోడ్ చేతిలో లేనందువల్ల దుకాణాన్నే నిలిపేసింది. అందుకే మీరు రాసే కోడ్ ఒకటి రెండు రోజులకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కి నాన్నగారి బీరువాలో ఉండాలి.

విజువల్ బేసిక్ 6 వచ్చింది 1998లో. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2008లో ముగిసింది. పాత ప్రోగ్రాములు ఇప్పటి విండోస్‌లోనూ నడుస్తున్నాయి కాబట్టి అందులోనే రాయాలని మీకు అనిపించవచ్చు. వద్దు. దాని సొంత టెక్స్ట్ బాక్సుల్లో తెలుగు అక్షరాలు రావు, ప్రశ్నార్థకాలు వస్తాయి. సరుకు పేరు తెలుగులో అచ్చు వేసి ఇవ్వలేని ప్రోగ్రాం మన ఊళ్లో సగం ప్రోగ్రామే.

ఫ్రీబేసిక్ ఉచితం, బడిలో నేర్చుకున్న క్యూబేసిక్‌కు దగ్గర. కానీ బటన్లు, పెట్టెలు మౌస్‌తో అమర్చుకునే ఫార్మ్ డిజైనర్ అందులో ఉండదు. గాంబస్‌లో అది చక్కగా ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన పరికరమది, అయితే దాని ఇల్లు లైనక్స్. ప్యూర్‌బేసిక్, జోజో విండోస్‌తో పాటు మ్యాక్‌కూ లైనక్స్‌కూ ప్రోగ్రాములు తయారు చేస్తాయి, వాటికి డబ్బు కట్టాలి. ఒక్క దుకాణానికి ఆ ఖర్చు అక్కర్లేదు.

మీకు సరైనది విజువల్ బేసిక్‌కు తర్వాతి రూపమైన వీబీ డాట్ నెట్. అందులో ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్ విజువల్ స్టూడియో కమ్యూనిటీ విద్యార్థులకు ఉచితం, తెలుగు సమస్య లేదు, ప్రింటరుకు బిల్లు పంపే ఏర్పాటు అందులోనే ఉంది. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు విజువల్ బేసిక్‌లో విండోస్ ఫార్మ్స్ ఎంచుకోండి. దుకాణంలో కంప్యూటరు విండోస్ 7ది అయితే డాట్ నెట్ ఫ్రేంవర్క్ 4.8 వాడండి, కొత్త డాట్ నెట్ దాని మీద నడవదు. ఈ భాషకు కొత్త హంగులు చేర్చబోమని మైక్రోసాఫ్ట్ 2020లో చెప్పింది, మద్దతు మాత్రం కొనసాగిస్తోంది. పదేళ్లు నిలవాల్సిన బిల్లుల ప్రోగ్రాంకు ఆ నిలకడ మంచిదే.

డబ్బు లెక్కలకు డబుల్ అనే సంఖ్య రకం వాడకండి, డెసిమల్ రకం వాడండి. డబుల్‌లో పైసలు అక్కడక్కడా జారిపోతాయి. రౌండింగ్‌లోనూ జాగ్రత్త. మీరేమీ చెప్పకపోతే, సంఖ్యను రౌండ్ చేసే మ్యాథ్ రౌండ్ అనే ఆదేశం 2.5ను 3 చేయదు, 2 చేస్తుంది. సరిగ్గా సగం దగ్గర సరి సంఖ్య వైపు వెళ్లడం దాని పద్ధతి. దానికి మిడ్‌పాయింట్ రౌండింగ్‌లో ‘అవే ఫ్రం జీరో’ అనే ఎంపిక ఇస్తే మనం అనుకున్న 3 వస్తుంది. జీఎస్టీ బిల్లు నంబరు ఒక ఆర్థిక సంవత్సరంలో వరసగా, మళ్లీ రాకుండా ఉంటే చాలు కాబట్టి ఏటా ఏప్రిల్ 1న ఒకటి నుంచి మొదలుపెట్టేలా రాసుకోవచ్చు.

నెట్ మీద నడిచే వెబ్ అప్లికేషన్ చేయమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిని తాకిన తర్వాత జనరేటరు ఉన్న దుకాణంలోనూ ఫోను, నెట్ లేని రోజులు గడిచాయి. డెస్క్‌టాప్ ప్రోగ్రాంకు ఇప్పటికీ చోటుందని నేను నమ్మడానికి అదొక కారణం. అలాగే నీళ్లు చేరితే డెస్క్‌టాప్ కూడా పోతుంది, కాబట్టి రోజూ రాత్రి డేటా కాపీ ఇంటికి రావాలి.

ఉద్యోగం మాట నిజాయితీగా చెబుతాను. వీబీ ఒక్కటే తెలిసినవారిని పిలిచే ప్రకటనలు తక్కువ. కానీ సీ షార్ప్ అనే భాష కూడా ఇవే డాట్ నెట్ లైబ్రరీల మీద నడుస్తుంది, ఈ ప్రోగ్రాం పూర్తి చేసిన మీకు అందులోకి మారడం కొన్ని వారాల పని. దానికి డేటాబేస్ నుంచి సమాచారం అడిగే భాష ఎస్‌క్యూఎల్ తోడు చేసుకోండి. ద్వారకానగర్‌లో ఏదో కోచింగ్‌కు ఇప్పుడే ఫీజు కట్టవద్దు. పైథాన్ మంచి భాషే, మూడో ఏడాదిలో చదవండి. జీఎస్టీ, స్టాకు, బాకీల లెక్క ఇంటి దుకాణంలోనే చూసిన బీకాం విద్యార్థిని, నడుస్తున్న ప్రోగ్రాం ఒకటి చూపించగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి కావలసినంత ఉంటుంది.

ఈ ఆదివారం మాత్రం కోడ్ మొదలుపెట్టకండి. పాత ప్రోగ్రాం ఫోల్డరు తెరిచి పేరు చివర .mdb (ఎండీబీ) అని ఉండే డేటాబేస్ ఫైలు ఉందేమో వెతకండి. ఆ కాలపు ప్రోగ్రాములు చాలావరకు డేటాను అందులోనే దాచేవి. దొరికితే ఏమీ ముట్టుకోకుండా మొత్తం ఫోల్డరును రెండు చోట్ల కాపీ చేయండి. నాన్నగారి ఖాతాదారులు, వారి బాకీలు అందులోనే ఉండి ఉంటాయి.