ఎడారి తోటకు పిల్లలతో వెళ్తున్న మేనకోడలికి

గుంటూరు,
అరండల్‌పేట.

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. వేసవి సెలవులకు పిల్లలిద్దరినీ తీసుకొని అమెరికాలోని ఫీనిక్స్‌లో మీ తమ్ముడి ఇంటికి వెళ్తున్నావనీ, అక్కడి ఎడారి వృక్షోద్యానం చూపించాలని అనుకుంటున్నావనీ వదిన ఫోనులో చెప్పింది. మీ బావ ఆ ఊళ్లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను ఆరు నెలలు అక్కడ ఉండి, మనుమలను ఆ తోటకు నాలుగుసార్లు తీసుకువెళ్లాను. ముప్పై ఏళ్లు పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కనుక నాకు తోచినవి నీకు రాయకుండా ఉండలేకపోతున్నాను.

అన్నిటికన్నా ముందు ఎండ సంగతి. గుంటూరు, బెజవాడ ఎండల్లో పెరిగినవాళ్లం కదా అనే ధీమాతో బయలుదేరవద్దు. మన ఎండకు ఒళ్లంతా చెమట కారి జుబ్బా వీపుకు అతుక్కుంటుంది కాబట్టి, దాహం వేస్తోందని పిల్లవాడు చెప్పకపోయినా మనకే తెలిసిపోతుంది. అక్కడి గాలిలో తేమ ఉండదు. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, ఒళ్లు పొడిగానే ఉంటుంది, లోపల నీరు మాత్రం తగ్గిపోతూనే ఉంటుంది. 2023లో ఆ నగరంలో వరుసగా 31 రోజులపాటు వేడి 43 డిగ్రీలు దాటింది. అందువల్ల పిల్లలు అడిగేవరకు ఆగకుండా పావుగంటకొకసారి నువ్వే నాలుగు గుక్కలు తాగించు. ఇంటి దగ్గర ఉప్పు వేసిన మజ్జిగ తాగించి మరీ బయలుదేరండి. చిన్నవాడి ముఖం కందిపోయినా, ఉన్నట్టుండి మాట తగ్గించి చంకనెక్కినా, చూడవలసినది ఎంత మిగిలినా సరే, వెంటనే నీడకు చేర్చి ఇంటికి తిరిగి వచ్చేయండి.

తోట తెరిచే వేళకే అక్కడ ఉండాలి. దీనికి ఎండ ఒక్కటే కారణం కాదు. సగ్వారో అనే పెద్ద స్తంభంలాంటి కాక్టస్ మే నెలలో పూస్తుంది. దాని తెల్లని పువ్వు రాత్రి విచ్చుకొని, గబ్బిలాలకు మకరందం ఇచ్చి, మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. పొద్దున్నే వెళ్తే తేనెటీగలూ పావురాలూ ఆ పూల మీద వాలడం పిల్లలు చూడగలుగుతారు.

ఆ తోట 1939లో మొదలైంది. ఇప్పుడు 140 ఎకరాలు. అంతా ఒక్కరోజులో చూపించాలనే ఆశ పెట్టుకోవద్దు. మొదటిసారి నేను ఆ పొరపాటే చేశాను. దారులన్నీ తిప్పాను కానీ, ఇంటికి వచ్చాక ఏం చూశారని అడిగితే మనుమలకు ఐస్‌క్రీమ్ తప్ప మరేమీ గుర్తులేదు. రెండోసారి ఒక్క సగ్వారో దగ్గరే అరగంట కూర్చున్నాం. దాని ఒంటి మీద నిలువునా మడతలు ఉంటాయి, కుచ్చిళ్లు పెట్టిన చీరలాగ. వాన పడినప్పుడు వేళ్లు నీరు పీల్చుకుంటే ఆ మడతలు విచ్చుకొని కాండం లావెక్కుతుంది, కరువులో మళ్లీ ముడుచుకుంటుంది. వడ్రంగిపిట్ట తొలిచిన రంధ్రాలను పిల్లలచేత లెక్కపెట్టించు. తొలిచిన చోట గాయం గట్టి పెంకులా మానుతుంది. పిట్ట వదిలివెళ్లిన ఆ గూటిలో తరువాత చిన్న గుడ్లగూబ కాపురం పెడుతుంది. మొదటి పదేళ్లలో ఆ మొక్క జానెడైనా పెరగదనీ, చేతుల్లాంటి కొమ్మలు రావడానికి యాభై ఏళ్లకు పైగా పడుతుందనీ చెబితే మీ పెద్దది తాతయ్య వయసుతో పోల్చి చూడకమానదు.

ముళ్ల విషయంలో మాత్రం మెత్తగా ఉండవద్దు. టెడ్డీ బేర్ చోయా అనే మొక్క దూరం నుంచి బొచ్చు కప్పుకున్న ఎలుగుబంటి పిల్లలా ముద్దుగా కనిపిస్తుంది. ఆ బొచ్చంతా ముళ్లే. దాని కణుపులు కాస్త తగిలితే చాలు ఊడి వస్తాయి, ముళ్లకు వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి. నేలరాలిన కణుపు ఒకటి మా చిన్న మనుమడి అరచేతికి పట్టుకుంది. కంగారులో దాన్ని వేళ్లతో లాగబోయి నేనూ అంటించుకున్నాను. అక్కడ పనిచేసే ఒకావిడ వచ్చి, దువ్వెన పళ్లను చర్మానికీ కణుపుకూ మధ్య దూర్చి ఒక్క ఊపుతో ఎగరగొట్టింది. ఆనాటి నుంచి నా సంచిలో వెడల్పు పళ్ల దువ్వెనా, ముల్లు తీసే పట్టకారూ తప్పనిసరి. పిల్లలకు చెప్పులు వద్దు, వేళ్లు మూసే బూట్లు వేయి. దారి దిగి రాళ్ల సందుల్లో చేతులు పెట్టనివ్వకు; అది పాములుండే నేల.

వెళ్లేముందు ఒక ఆదివారం పిల్లలను మా ఇంటికి తీసుకురా. మేడ మీద కుండీలో నాగజెముడు ఉంది. దాని జాతి అమెరికా ఖండం నుంచే మన దేశానికి వచ్చింది. ముల్లు మొదట్లో దూదిపింజలాంటి చిన్న మెత్త ఉంటుంది, కాక్టస్‌కు అదే గుర్తు. పక్కనే బొంతజెముడు కూడా చూపిస్తాను. అదీ ముళ్లదే, అదీ దళసరిదే, కానీ దానికి ఆ మెత్త ఉండదు, గిల్లితే పాలు కారతాయి. అది కాక్టస్ కాదు. గిల్లడం నా పని; ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం కనుక పిల్లలు దూరంగా నిలబడి చూస్తారు. ఈ తేడా ఇక్కడే పట్టుకుంటే అక్కడ ప్రతి మొక్క దగ్గరా వాళ్లే ఆగి వెతుకుతారు.

అక్కడి నుంచి గింజగానీ కణుపుగానీ తేవద్దు, పిల్లలు ఎంత మారాం చేసినా సరే. ఇద్దరికీ చెరొక నోటుపుస్తకం ఇచ్చి, నచ్చిన ఒక్క మొక్క బొమ్మ గీయమను. తిరిగి వచ్చాక ఆ పుస్తకాలు పట్టుకొని గుంటూరు రండి, నేను ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ అత్తయ్య.